ముందెలా ఉండేదో అలాగే

ఆ బుధవారానికి నరసింగరావు వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. తొమ్మిదింటికి కారు బయటికి తీయాలి. పదిన్నరకి శ్రీకాకుళంలో పింఛనుదారుల సంఘం ఆఫీసు ముందు, నలుగురూ చూస్తుండగా, ఆ కారులోంచి దిగాలి. పదకొండింటికి "ఇంటి యజమాని హక్కులు" అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడాలి. భోజనం వేళకి ఆమదాలవలస తిరిగొచ్చేయాలి. ఇందులో తేడా రావడానికి ఎక్కడా సందు లేదని ఆయన గట్టి నమ్మకం.

ఆరున్నరకే గంజిపెట్టిన పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ వేసుకుని పోర్టికోలో కారుకి ఎదురుగా నిలబడ్డాడు. కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కాగితం చదవడం తనకి తెలిసినట్టు జిల్లాలో ఇంకొకరికి తెలియదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆయన ఎవరి దగ్గరా దాచుకోలేదు.

"మన ఇంటి ముందు అయిదడుగుల పట్టీ ఉంటుంది," అని వేదిక మీది భాషలో కారుకి చెప్పాడు. "స్థలం మనదే. కాని గొట్టాలకీ తీగలకీ విడిచిపెట్టిన స్థలం. కంపెనీవాడు అక్కడ తవ్వుకోవచ్చు. అయితే ముందుగా నోటీసు ఇవ్వాలి. తవ్విన తరువాత ముందెలా ఉండేదో అలాగే చేసి అప్పగించాలి. గుర్తుంచుకోండి మిత్రులారా! ముందెలా ఉండేదో... అలాగే!"

ఆఖరి మాటకి బానెట్ మీద ఒక దెబ్బ వేశాడు. మూడు రోజులుగా ఆ దెబ్బ తింటున్న కారు ఏమీ అనలేదు.

ఆ కారు ఏడాది కిందట ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు బయటికి వచ్చింది. పోర్టికో రోడ్డు కంటే రెండడుగులు ఎత్తులో ఉండడంతో కారు దిగడానికి గేటు వెడల్పునా సిమెంటు ర్యాంపు పోయించాడు. సరిగ్గా ఆ అయిదడుగుల పట్టీ మీదే. అంతకుముందు అది ఆయన భార్య తవిటమ్మ వాకిలి. ఎర్రమట్టి పోసి, అలికి, తెల్లారేసరికి ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టేది. స్టేషనుకి పోయేవాళ్లు సైకిలు ఆపి మరీ చూసి వెళ్లేవారు. ర్యాంపు ఆరిన రోజు నరసింగరావు, "ఎలగుంది?" అని అడిగితే, ఆమె ఒక్క క్షణం చూసి, "బాగుంది," అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన దాన్ని మెప్పు అనుకున్నాడు.

మర్నాటి నుంచి ఆమె ర్యాంపు కింద, రోడ్డు వారన కల్లాపి చల్లి, పీటంత ముగ్గు వేస్తోంది. ఎనిమిదయ్యేసరికి పాల వ్యాన్లు దాన్ని తొక్కుకుంటూ పోతున్నాయి. ఆమెకి అది రోజూ కష్టంగానే ఉండేది. ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

మూడు రోజుల కిందట మాత్రం ఒక కాగితం పట్టుకొచ్చింది. "బావా, గేసు కంపినీవోళ్లు నోటీసిచ్చి నా సేత సంతకం పెట్టించుకున్నారు. సదువుతావేటి?"

"తరవాత సూద్దాం తవిటీ. హక్కుల గురించి రాస్తన్నాను, కనబడతన్నేదా?"

తవిటమ్మ పొందూరు హైస్కూల్లో పది దాకా చదువుకుంది. పప్పు పొయ్యి మీద పడేసి, ఆ నోటీసు తనే మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది.

బుధవారం ఎనిమిదింటికి వీధి మొదట్నుంచి జేసీబీ తవ్వుకుంటూ వచ్చింది. రోడ్డు వారగా, దారం పట్టినట్టు తిన్నగా, పక్కింటి జ్ఞానానందం మాస్టారి గేటు దాటి, నరసింగరావు ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. డ్రైవరు ఎల్లాజీ కిందకి దిగి తల గోక్కున్నాడు.

"నవీన్ బాబూ, ఇక్కడ గీత నేదు. ముగ్గుంది," అని సూపర్‌వైజరుతో అన్నాడు. "పచ్చి ముగ్గు మీద బకెట్టు దించలేను. మాయమ్మకి తెలిస్తే సంపీస్తాది."

నవీన్ హెల్మెట్ సరిచేసుకుని నేలకేసి చూసేలోగా దస్తావేజు ఫైలుతో నరసింగరావు ర్యాంపు దిగివచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. మూడు రోజులుగా కారుకి చెప్పిన సంగతి చెప్పడానికి నిజమైన కంపెనీ మనిషి దొరికాడు.

"ఆగండి! నోటీసేదీ?"

"ఇచ్చాం సార్. మీ ఇంట్లోనే ఇచ్చాం."

"నా సేతికిచ్చారా? నా సంతకం ఉందా దాని మీద?"

"మీది కాదు సార్, మీ..."

"నాది కాదు! ఒప్పీసుకున్నాడు! అందరూ రాసుకోండి!" అన్నాడు నరసింగరావు. అందరూ అంటే అప్పటికి కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ కోడలు శ్రావణి ఒక్కతే.

జ్ఞానానందం గేటు తీసుకుని వచ్చాడు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు. "నరసింగరావుగారూ, దీనికి గొడవెందుకండీ? మా ఇంటి ముందు సూడండి, సున్నం గీత ఉన్నాది. రోడ్డు వారగా..."

నరసింగరావు చూశాడు. మాస్టారి భార్య ఎలీసమ్మ ప్రార్థన అయ్యాకగాని చీపురు పట్టదు. ముగ్గు వేసే అలవాటూ వాళ్లకి లేదు. తవ్విన కాలవ పక్కన ఆ ఇంటి ముందు తెల్లటి గీత చెక్కు చెదరకుండా ఉంది. తన ఇంటి హద్దు మొదలయ్యే చోట అది ఠక్కున ఆగిపోయింది. తన ముందు పీటంత పద్మం ముగ్గు తప్ప ఇంకేమీ లేదు. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"మాస్టారింటికి గీత గీస్తారు, నా ఇంటికి గియ్యరా? నేను పన్ను కట్టట్లేదా?"

"గీసాం సార్, నిన్న సాయంత్రం ఇక్కడే..."

"ఏదీ? సూపించు!"

నవీన్ పద్మం కేసి దీనంగా చూశాడు. పద్మం అతనికి ఏ సాయమూ చేయలేదు.

"గీత నేదు, కొలత నేదు, యజమానికి కబురు నేదు," నరసింగరావు ఫైలు ఎత్తి పట్టుకున్నాడు. "ఇదిగో దస్తావేజు. గొట్టం వెయ్యాలంటే పట్టీలోనే వెయ్యాల. పట్టీకి అంగుళం అవతల తవ్వినా నేనూరుకోను!"

"సార్, పట్టీలో ఒద్దనే కదా సార్ మేం... మీ మంచికే..."

"నా మంచి నాకు తెలుసు! నీ పైవోళ్లకి ఫోను కొట్టు!"

నవీన్ ఇంజనీరుకి ఫోను చేశాడు. నరసింగరావు అంతకంటే పెద్ద గొంతుతో పింఛనుదారుల సంఘం కార్యదర్శి థామస్‌కి ఫోను చేశాడు. హక్కుల మీద దాడి తన గేటు దగ్గరే జరుగుతోందనీ, సభకి రాలేననీ చెప్పాడు. అవతల థామస్ చిక్కులో పడ్డాడు. సభకి ఇంకో వక్త లేడు. దండ కొనేశారు, మైకు అద్దెకి తెచ్చేశారు.

"అలాగైతే మీరు రావొద్దండీ," అన్నాడు థామస్. "మేమే వొచ్చీస్తాం."

పదింబావుకి మూడు ఆటోలు వచ్చి ఆగాయి. పదహారుమంది పింఛనుదారులు, ఒక బ్యానరు, ఒక బంతిపూల దండ, ఒక మైకు దిగాయి. మాస్టారి ఇంట్లోవి, ఈ ఇంట్లోవి కుర్చీలన్నీ రోడ్డు మీదకి వచ్చాయి. బ్యానరు ఒక కొస గేటుకి కట్టారు. రెండో కొస కట్టడానికి ఏమీ దొరక్క జేసీబీ చేతికి కట్టారు. పని ఆగిపోయింది కాబట్టి ఎల్లాజీ కూడా ముందు వరసలో ఒక కుర్చీ చూసుకుని కూచున్నాడు. వేదిక వెతుక్కోనక్కర్లేకపోయింది. ర్యాంపు సరిపోయింది.

నరసింగరావు ఆ రోజు మాట్లాడినట్టు ఎప్పుడూ మాట్లాడలేదు. తన ర్యాంపు మీద, తన కారు ముందు, తన పేరు చెక్కిన గేటు రాయి పక్కన నిలబడి, చేతిలో మైకుతో, ఎదురుగా సాక్షాత్తూ జేసీబీనే పెట్టుకుని ఏ వక్త మాట్లాడగలిగాడు? "ముందెలా ఉండేదో... అలాగే!" అన్నప్పుడు అలవాటుగా బానెట్ మీద ఒక్కటి వేశాడు. చప్పట్లు మోగాయి. ఎల్లాజీ అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

ఆ ఊపులోనే అర్జీ రాయించాడు. గొట్టం దస్తావేజు ప్రకారం పట్టీలోనే వేయాలని తాను సంతకం పెట్టాడు. పదహారుమంది సాక్షి సంతకాలు చేశారు. చేయి తిరిగిన ఉద్యోగులు కాబట్టి తేదీ కూడా వేశారు.

అప్పుడు స్కూటీ మీద ఇంజనీరు ఝాన్సీ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, తొందరలేని మనిషి. నమస్కారం పెట్టి, అర్జీ చదివి, దస్తావేజు అడిగి తీసుకుంది. నరసింగరావు ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్న పేరా చదివింది.

"సార్ చెప్పింది నిజమే," అంది. "గొట్టం పట్టీలోనే పోవాలి. యజమాని అడిగితే మేం కాదనడానికి లేదు."

మళ్లీ చప్పట్లు. థామస్ దండ తెచ్చి నరసింగరావు మెడలో వేశాడు. ఆయన ఛాతీకి లాల్చీ చాలలేదు. లోపల వంటింట్లో ఉన్న తవిటమ్మకి వినబడేలా, "విన్నావేటే!" అని ఒక కేక కూడా వేశాడు.

"ఎల్లాజీ," అంది ఝాన్సీ, అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంటూ. "బ్యానరు విప్పండి. ర్యాంపు తీయాలి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది ర్యాంపు మీద నిలబడ్డవాడికి.

"ర్యాంపా? ర్యాంపెందుకూ?"

"పట్టీ మీద ఉన్నది ర్యాంపే కదండీ. ఈ కాలనీలో ర్యాంపులు పగలగొట్టడం ఎందుకని మేం మున్సిపాలిటీ అనుమతి తెచ్చుకుని రోడ్డు వారగా గీత గీయించాం. నవీన్ మీకు చెప్పలేదా?"

"సెప్తన్నాను మేడమ్," అన్నాడు నవీన్. "పొద్దుటి నుంచీ సెప్తన్నాను."

"పట్టీలో కట్టుకున్నదాన్ని కొట్టే హక్కు మీకు నేదు," అన్నాడు నరసింగరావు. గొంతు మాత్రం ఇందాకటిది కాదు.

ఝాన్సీ పేజీ తిప్పి చూపించింది. పేరా అక్కడ అయిపోలేదు. పట్టీలో ఎవరైనా శాశ్వతంగా ఏమైనా కట్టుకుంటే గొట్టం వేసేటప్పుడు తీసేయవచ్చని తరవాతి పేజీలో మూడు లైన్లున్నాయి. ఫైళ్లు చదవడంలో జిల్లాలో తనంతవాడు లేడనుకున్న మనిషి ఆ పేజీ తిప్పలేదు. పదహారుమంది రిటైర్డు ఉద్యోగులు ఒకేసారి కళ్లజోళ్లు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల మధ్య పేజీ తిప్పకపోవడం కంటే పెద్ద నేరం లేదు.

"అలాగైతే రోడ్డు వారనే తవ్వుకోండి," అన్నాడు నరసింగరావు, పెద్దమనసు చేసుకున్నట్టు. "అర్జీ ఎనక్కి తీసుకుంటన్నాను."

"అలాగే సార్. యజమాని సంతకం చేస్తే చాలు."

"పెన్నివ్వండి మరి."

"అర్జీ ఎవరైనా ఇవ్వొచ్చు సార్. ఇంటి సంగతి తేల్చడానికి మాత్రం యజమానే ఉండాలి." ఆమె దస్తావేజు మొదటి పేజీకి వెళ్లి వేలు పెట్టింది. "ఇక్కడ తవిటమ్మగారని ఉంది. మా నోటీసు తీసుకుని సంతకం పెట్టింది కూడా ఆవిడే."

పొందూరు దగ్గర తవిటమ్మ తండ్రి ఆమె పేర రాసిన మడిచెక్క అమ్మితే వచ్చిన డబ్బుతో కొన్న స్థలం అది. ఆమె పేరనే రిజిస్ట్రేషను చేయించాడు నరసింగరావు. అప్పట్లో తెలిసే చేశాడు. పద్నాలుగేళ్లుగా "నా ఇల్లు, నా ఇల్లు" అంటూ ఆ సంగతి నిజంగానే మరిచిపోయాడు. పింఛనుదారులందరూ గేటు రాయి మీది పేరు చూసి, ఆయన్ని చూసి, మళ్లీ రాయిని చూశారు.

"తవిటీ," అని పిలిచాడు. ఇంట్లో ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

తవిటమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో నోటీసు ఉంది. ఝాన్సీ ఆమెకి కుర్చీ వేయించి చెప్పింది. "అమ్మా, ఇక్కడ సంతకం పెడితే రోడ్డు వారగా తవ్వుకుని వెళ్లిపోతాం. ర్యాంపు అలాగే ఉంటుంది. వద్దంటే పట్టీలోనే తవ్వి, మళ్లీ పూడ్చి, చేసి ఇస్తాం. ఇల్లు మీది. మీ ఇష్టం."

దండ మెడలోనే ఉన్న నరసింగరావు భార్య కేసి చూస్తూ, ఎవరికీ కనబడకుండా, సంతకం పెట్టమని తల ఊపాడు. అందరికీ కనబడింది.

తవిటమ్మ పెన్ను ముట్టుకోలేదు. "మా బావ మూడు రోజులై కారుకి ఒకటే మాట సెప్తన్నాడమ్మా. ముందెలాగుండేదో అలాగే సేసి అప్పగించాలంట. ఇప్పుడు మీ అందరికీ మైకులో సెప్పినాడు. మీరు సప్పట్లు కొట్టినారు. నలుగుర్లో ఆయనన్న మాట నేను తీసీగల్నా?"

"ముందంటే ఎప్పుడమ్మా? ఏదైనా ఫొటో ఉందా?" అంది ఝాన్సీ.

"ఉన్నాదండీ," అంది శ్రావణి గుమ్మంలోంచి. అత్త వేసిన ముగ్గు ఫొటో తీసి పొద్దున్నే స్టేటస్‌లో పెట్టడం ఆమెకి అలవాటు. ఫోనులో రెండేళ్లు వెనక్కి వెళ్లి ఒక ఫొటో తీసింది.

ఆ ఫోను చేతులు మారుతూ పోయింది. థామస్ చూసి, "అబ్బో," అన్నాడు. జ్ఞానానందం చూసి, "నాకు గుర్తుందండీ. స్టేషనుకి నడిసి ఎల్లేటప్పుడు ఇక్కడ ఆగీవాణ్ణి. రెండు రైళ్లు తప్పిపోనాయి కూడాను," అన్నాడు. ఆఖరికి ఫోను నరసింగరావు చేతికి వచ్చింది.

ఎర్రటి వాకిలి. గేటు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ముగ్గు, ఒక్క గీత ఎక్కడా తడబడలేదు. ఒక మూల ఎవరో పెద్దాయన సైకిలు దిగి చూస్తున్నాడు. ఇలాంటిది తన ఇంటి ముందు రోజూ ఉండేదని నరసింగరావుకి తెలుసు. కాని రోజూ దాని పక్కనుంచి ఆఫీసు టైమైపోతోందని పరుగెత్తినవాడే గాని, నిలబడి చూసింది లేదు. మొదట సిగ్గేసింది. తరవాత, ఇంతమంది చూస్తున్న ఈ పని చేసింది తన భార్య అని గుర్తొచ్చి, ఉపన్యాసానికి రానంత గర్వం వచ్చింది. చప్పట్లు లేకుండా ఆయనకి గర్వం రావడం అదే మొదలు.

మైకు అందుకున్నాడు.

"ఇంటి యజమాని హక్కులు అని సెప్పాను," అన్నాడు. వేదిక భాష ఎటో పోయింది. "యజమాని నేను కాదంట. మా ఆవిడంట. కాబట్టి ఈ దండ తప్పు మెళ్లో పడ్డాది." దండ తీసి తవిటమ్మ మెడలో వేశాడు. ఆమె, "ఛీ, ఏటిది బావా, నలుగుర్లో!" అంటూనే దండ సరిచేసుకుంది. ఆ రోజు చప్పట్లు అసలు మోగింది అప్పుడే.

మూడింటికల్లా ర్యాంపు లేదు, గొట్టం లోపల ఉంది. కంపెనీ లారీలో ఎర్రమట్టి తెప్పించింది. ఎల్లాజీ బకెట్టు వెనకవైపుతో నేలని ఎంత నెమ్మదిగా చదును చేశాడంటే, వాళ్లమ్మ చూసి ఉంటే మురిసిపోయేది. పోతూ పోతూ మిగిలిన సున్నం బస్తా కూడా తవిటమ్మకి ఇచ్చేశాడు. కారు దిగడానికి అవసరమైనప్పుడు వేసుకుని తీసేసే రెండు ఇనప పలకలు చేయించుకోమని ఝాన్సీ సలహా ఇచ్చింది. యజమానురాలు కొన్ని షరతుల మీద ఒప్పుకుంది.

సాయంత్రం తవిటమ్మ తడి వాకిట్లో చుక్కలు పెడుతోంది. నరసింగరావు మట్టి కొట్టుకుపోయిన ఖద్దరు పంచెతో గట్టు మీద కూచుని లెక్కపెడుతున్నాడు. పదిహేడో చుక్క దగ్గర ఆయనకి ఒక అనుమానం వచ్చింది.

"తవిటీ, పొద్దున్న కల్లాపి సల్లినప్పుడు ఇక్కడ సున్నం గీతుండాల గదా?"

"ఉన్నాది."

"అదేటో నీకు తెలుసా?"

"నోటీసులో రాసున్నాది కదా. గీత ఉన్నకాడే తవ్వుతాం, ర్యాంపులు ముట్టుకోం అని. రెండో పేజీ." ఆమె తల ఎత్తలేదు. "నేను పేజీ తిప్పాను."

"మరి తెలిసే కడిగీసావేటి?"

"నా వాకిట్లో పరాయోడు గీత గీస్తే ఉంచుతానేటి?" అంది తవిటమ్మ, పద్దెనిమిదో చుక్క పెడుతూ. "గీత ఒక్కటే నేను కడిగాను బావా. మిగతాదంతా నువ్వే కష్టపడ్డావు."

ఇప్పుడు ఆ ఇంట్లోంచి కారు బయటికి తీయాలంటే ఒకరోజు ముందు యజమానురాలికి నోటీసు ఇవ్వాలి, టైరు కింద చుక్క చెరిగితే ముందెలా ఉండేదో అలాగే పెట్టి అప్పగించాలి. వచ్చే వారం విజయనగరంలో పెళ్లికి వెళ్లాల్సి ఉండి నరసింగరావు తెల్లకాగితం మీద, తేదీ వేసి, మొదటి నోటీసు సమర్పించుకున్నాడు. అది ప్రస్తుతం పరిశీలనలో ఉంది.